కణంలో కూల్చివేతకూ ఒక క్రమమున్నది

నిర్మించడం ఘనకార్యమనీ, కూల్చడం అనర్థమనీ లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. జీవశాస్త్రం చదివే విద్యార్థి మనసులో కూడా ఈ అభిప్రాయమే తెలియకుండా చోటు చేసుకుంటున్నది. కణం మాంసకృత్తులను తయారు చేస్తుందనీ, డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటుందనీ, పిమ్మట రెండుగా విడిపోతుందనీ అతడు కంఠస్థం చేస్తాడు. తయారైన మాంసకృత్తులు తమ పని ముగిసిన తరువాత ఏమవుతాయని మాత్రం అడగడు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు గనుక చెప్పేవారూ అరుదు. కణవిభజన రహస్యంలో సగభాగం ఆ అడగని ప్రశ్నలోనే దాగి ఉన్నదని మా నిశ్చితాభిప్రాయం. దానిని విద్యార్థుల ముందూ, కళాశాల పాలకవర్గం ముందూ ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

ఇది దూరదేశాల ప్రయోగశాలలకు మాత్రమే చెందిన విషయమని ఎవరూ భావించనక్కరలేదు. నిమ్మాడ నుండి టెక్కలి, పలాస దాటి ఉద్దానం చేరితే, కొబ్బరితోటల నీడన, జీడితోటల నడుమ, మూత్రపిండాల వ్యాధి సోకని వీధి కనబడడం కష్టం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో అక్షరజ్ఞానం లేని వృద్ధులు కూడా 'క్రియాటినిన్' అనే మాటను తడబడకుండా పలుకుతారు. అటువంటి సీమలో పుట్టి జీవశాస్త్రం చదువుతున్న యువతీయువకులకు, కణం ఎప్పుడు ముందుకు సాగుతుందో, ఎప్పుడు ఆగుతుందో, ఎవరి ఆజ్ఞతో ఆగుతుందో తెలియకపోవడం న్యాయం కాదు.

ముందుగా విషయం గ్రహించుదము. కణం ఒక విభజన నుండి మరొక విభజనకు చేసే ప్రయాణాన్ని కణచక్రమంటారు. అందులో పెరుగుదల దశ, డీఎన్ఏ రెట్టింపయ్యే దశ, సరిచూసుకునే దశ, విభజన దశ అని నాలుగు మజిలీలు కలవు. ఈ మజిలీల క్రమం తప్పకుండా చూసేదెవరు? 1970లో పోతు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరు దశలలో ఉన్న మానవకణాలను జతగా కలిపివేసి చూశారు. డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటున్న కణంతో, ఇంకా ఆ దశకు రాని కణాన్ని కలిపితే, రెండవదాని కేంద్రకం కూడా ఆ పనికి పూనుకొన్నది. విభజనలో ఉన్న కణంతో విశ్రాంతిగా ఉన్న కణాన్ని కలిపితే, రెండవదానిలోని క్రోమోసోములు అకాలంలోనే ముడుచుకొని దట్టమయ్యాయి. ఒక కణంలోని ద్రవంలో ఉన్న ఏదో పదార్థం రెండవ కణానికి ఆజ్ఞ ఇస్తున్నదని దీనివలన తేలింది. పేరు వినగానే మనవాడనిపించే ఆ రావుగారి పరిశోధన నేటికీ కణచక్ర శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి.

ఆ పదార్థం జాడ సముద్రతీరంలో దొరికింది. 1982లో టిమ్ హంట్ అమెరికాలోని వుడ్స్ హోల్ అనే చోట సముద్రపు ముళ్ళకాయ జీవుల అండాలను పరిశీలిస్తూ ఒక వింత గమనించాడు. ఒక మాంసకృత్తు అండంలో క్రమంగా పోగవుతున్నది, విభజనకు కొద్ది ముందుగా హఠాత్తుగా మాయమవుతున్నది, మళ్ళీ పోగవుతున్నది, మళ్ళీ మాయమవుతున్నది. చక్రంవలె వచ్చిపోతున్నది గనుక దానికి 'సైక్లిన్' అని పేరు పెట్టారు. సైక్లిన్ జతగూడినప్పుడే పనిచేసే కొన్ని ఎంజైములు కలవు. అవే కణాన్ని దశ నుండి దశకు నడిపే సారథులు. సైక్లిన్ ఉన్నంతవరకు సారథి చేతిలో పగ్గాలుంటాయి. సైక్లిన్ నశించగానే పగ్గాలు జారిపోతాయి. ఈ పరిశోధనలకు 2001లో హంట్‌కు, లీలాండ్ హార్ట్‌వెల్‌కు, పాల్ నర్స్‌కు నోబెల్ బహుమానం లభించింది.

ఇక ఆ మాయమయ్యే విధానమేమిటి? కణం తన మాంసకృత్తులను ఇష్టమొచ్చినట్లు పారవేయదు. 'యుబిక్విటిన్' అనే 76 అమైనో ఆమ్లాల చిన్న మాంసకృత్తు ఒకటున్నది. కూల్చవలసినదానికి ఎంజైములు దీనిని ఒకదాని వెంట ఒకటిగా గొలుసువలె తగిలిస్తాయి. ఆ గొలుసు తగిలినదానిని 'ప్రోటియాసోమ్' అనే పీపా ఆకారపు యంత్రం లోపలికి లాగి తునకలు చేస్తుంది. గొలుసులోని యుబిక్విటిన్ తిరిగి వాడకానికి వస్తుంది. తునకలు అమైనో ఆమ్లాలుగా విడిపోయి కొత్త నిర్మాణానికి పనికివస్తాయి. ఈ వ్యవస్థను వెల్లడించిన ఆరన్ చికనోవర్, ఆవ్రామ్ హెర్ష్‌కో, అర్విన్ రోజ్‌లకు 2004లో నోబెల్ బహుమానం వచ్చింది. గొలుసు తగిలించడానికి కణం శక్తిని వెచ్చించవలసి వస్తున్నదన్నది ఇందులో విశేషం. కూల్చివేత ఉచితంగా జరిగే పని కాదు. కణం మూల్యం చెల్లించి కూలుస్తున్నదంటే, అది కణానికి అత్యవసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తున్నది. ఎవరికి గొలుసు వేయాలో, ఎప్పుడు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? నిర్ణయం సంకేతాలది. కణం వెలుపలి నుండి వచ్చే పెరుగుదల సందేశాలు, లోపల డీఎన్ఏకు తగిలిన దెబ్బల వార్తలు, క్రోమోసోములు సరిగా అమరినవా లేదా అన్న సమాచారం, ఇవన్నీ ఎంజైముల వరుసల గుండా ప్రయాణించి చివరకు చాలావరకు ఒకే రూపం దాలుస్తాయి. ఆ రూపమే ఫాస్ఫేటు ముద్ర. మాంసకృత్తు మీద సరియైన చోట ఫాస్ఫేటు ముద్ర పడితే, గొలుసు తగిలించే ఎంజైములు దానిని గుర్తిస్తాయి. దస్తావేజు మీద ముద్ర పడనిదే కచేరీలో కాగితం కదలదు గదా! కణంలోనూ అంతే.

ఈ సందర్భంలో మరొక తెలుగువాని పేరు చెప్పకుండా ముందుకు సాగలేము. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు. ఆ కొలత చేతికి రావడం వలననే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారు వెలికితీయగలిగారు. ఫాస్ఫేటు ముద్ర వేయడానికి ఎంజైములు తెచ్చుకునేది ఆ ఏటీపీ నుండే. యుబిక్విటిన్ గొలుసుకు వెచ్చించే శక్తీ ఆ ఏటీపీదే. ఉద్దానం పల్లెలలో నిత్యం వినవచ్చే క్రియాటినిన్ కూడా కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుండి పుట్టేదే. మన పక్క జిల్లాల బిడ్డ ప్రయోగశాలలో చూసినదానికీ, మన రోగి చేతిలోని పరీక్ష కాగితానికీ ఇంత దగ్గర బంధుత్వమున్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

సంకేతం కూల్చివేతను ఎలా నడుపుతుందో మూడు ఉదాహరణలు చూతము.

మొదటిది పెరుగుదల సంకేతం. కణం ఉపరితలం మీద పెరుగుదల సందేశం వాలినప్పుడు లోపల సైక్లిన్-డి తయారవుతుంది. దాని మీద ముద్ర వేసి కూల్చివేతకు పంపగల జీఎస్‌కే-3 అనే ఎంజైమును కూడా ఆ సంకేతమే అదుపులో పెడుతుంది. సందేశం ఆగిపోతే సైక్లిన్-డి ఎక్కువసేపు నిలవదు. సుమారు అరగంటలో సగం హరించిపోతుంది. కావున కణం పాత అనుమతితో కొత్త విభజనకు దిగలేదు. సందేశం నిలకడగా ఉంటే, కణాన్ని ఆపిపెట్టే పి-27 అనే కావలి మాంసకృత్తు మీద ముద్ర పడి, అది కూలి, డీఎన్ఏ రెట్టింపు దశకు దారి తెరుచుకుంటుంది.

రెండవది ప్రమాద సంకేతం. మండుటెండలో జీడితోటలో పనిచేసే కూలీ చర్మకణాలలో అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను గాయపరుస్తాయి. వెంటనే గాయాన్ని పసిగట్టే ఎంజైములు మేలుకొని, కణాన్ని ముందుకు తోసే సీడీసీ-25ఏ అనే మాంసకృత్తు మీద ముద్ర వేస్తాయి. అది త్వరలోనే కూలిపోతుంది, కణం ఆగుతుంది, మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. అదే సమయంలో పి-53 అనే రక్షక మాంసకృత్తు విషయంలో దీనికి విరుద్ధం జరుగుతుంది. మామూలు రోజులలో దానిని కణం తయారు చేస్తూనే కూలుస్తూ ఉంటుంది. ప్రమాద సంకేతం వచ్చినప్పుడు పడే ముద్రలు ఆ కూల్చివేతను నిలిపివేస్తాయి. పి-53 పోగై కణాన్ని కాపాడుతుంది. సంకేతం నాశనాన్ని ఆదేశించనూ గలదు, ఆపనూ గలదు.

మూడవది సంసిద్ధత సంకేతం. విభజన దశలో క్రోమోసోములన్నీ కండె పోగులకు తగులుకొనేవరకు, తగులుకొనని ఒక్క క్రోమోసోము ఉన్నా సరే, 'ఆగు' అన్న సంకేతం వెలువడుతూనే ఉంటుంది. చివరిది కూడా అమరగానే ఏపీసీ అనే పెద్ద ఎంజైము విడుదలై, జంట క్రోమోసోములను పట్టి ఉంచే బంధానికి కాపలా ఉన్న సెక్యూరిన్‌నూ, సైక్లిన్-బినీ కూల్చివేతకు పంపుతుంది. జంటలు విడిపోతాయి, కణం రెండవుతుంది. పలాస స్టేషనులో రైళ్ళ రాకపోకలు చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ముందు బండి సెక్షను ఖాళీ చేసి, 'లైన్ క్లియర్' వస్తేనే వెనుక బండికి సిగ్నలు పడుతుంది. తొందరపడి సిగ్నలు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కణం ఈ పనికి కూల్చివేతనే ఎందుకు ఎన్నుకొన్నది? ముద్రను వేసినట్లే తుడిచివేయవచ్చు. తుడిస్తే నిర్ణయం వెనుకకు పోతుంది. కూలిన మాంసకృత్తు మాత్రం తిరిగి లేవదు. మళ్ళీ కావాలంటే మొదటి నుండి తయారు చేయవలసినదే. అందుచేతనే కణచక్రం ముందుకే గాని వెనుకకు నడవదు. 'కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోయినట్లు' అని మనలో సామెత. కణంలో పాత నీరు పోయిన తరువాతనే కొత్త నీటికి గండి తెరుస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసినప్పుడు, పడిన మానులను తొలగించనిదే ఒక్క మొక్క కూడా నాటడానికి వీలు లేకపోయిన సంగతి ఇక్కడి రైతులెరుగుదురు.

ఈ క్రమం తప్పితే రెండు విధాల అనర్థం. కూలవలసినది కూలకపోవడం మొదటిది. సైక్లిన్-ఇని గుర్తించి గొలుసు వేయించే ఎఫ్‌బీడబ్ల్యు-7 అనే మాంసకృత్తు చెడిపోతే, సైక్లిన్-ఇ పేరుకొని కణం అదుపు తప్పుతుంది. కొన్ని క్యాన్సర్లలో ఈ లోపం కనబడుతున్నది. నిలవవలసినది కూలడం రెండవది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమైన పాపిలోమా వైరస్, కణం సొంత గొలుసు యంత్రాంగాన్నే దారి మళ్ళించి పి-53ను కూల్పిస్తుంది. ఇంటి పనిముట్టుతోనే ఇంటికి కన్నం వేయడమంటే ఇదే. ఈ వైరస్‌కు టీకా ఉన్నది. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. విద్యార్థినులు దీనిని పాఠంగా మాత్రమే గాక తమ ఆరోగ్య విషయంగా కూడా తెలుసుకోవాలని మా కోరిక. ఇక ప్రోటియాసోమ్‌ను ఆపివేసే బోర్టెజొమిబ్ అనే మందు 2003 నుండి అస్థిమజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సరుకు వాడుకలోకి వచ్చింది. కూల్చివేతను అర్థం చేసుకొన్నందుకు వైద్యానికి దక్కిన ఫలమిది.

మూత్రపిండాల మాటకు వత్తాము. మూత్రనాళికల కణాలు సాధారణంగా నెమ్మదిగా ఉంటాయి. గాయం తగిలినప్పుడు మిగిలిన కణాలు చక్రంలో ప్రవేశించి, విభజించి, ఖాళీని పూరిస్తాయి. 2010లో బాస్టన్ నగరంలో జోసెఫ్ బాన్‌వెంటర్ బృందం ఎలుకలలో ఒక ముఖ్యవిషయం నిరూపించింది. తీవ్రమైన గాయం తరువాత కొన్ని కణాలు విభజనకు ముందటి మజిలీలోనే చిక్కుబడిపోతాయి. ముందుకు పోలేక, వెనుకకు రాలేక నిలిచిన ఆ కణాలు జేఎన్‌కే అనే సంకేతమార్గం ద్వారా మచ్చకట్టే పదార్థాలను వెలువరిస్తాయి. మచ్చ పెరిగినకొద్దీ మూత్రపిండం గట్టిపడి పని తగ్గుతుంది. ఆ సంకేతాన్ని అడ్డుకొన్నప్పుడు ఎలుకలలో మచ్చ తగ్గింది. అకస్మాత్తుగా మూత్రపిండం దెబ్బతినే ముప్పున్న రోగులను గుర్తించడానికి, కణచక్రం నిలిచిపోవడంతో సంబంధమున్న రెండు మాంసకృత్తులను మూత్రంలో కొలిచే పరీక్ష 2014లో అమెరికాలో అనుమతి పొందింది.

ఉద్దానం వ్యాధికి ఇదే మూలమని మేము చెప్పడం లేదు. మధుమేహం, రక్తపోటు లేనివారిలో కూడా కనబడే ఈ వ్యాధికి కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా దేశాలలోనూ వ్యవసాయ కూలీలను ఇటువంటి వ్యాధే పీడిస్తున్నది. నీరు, ఎండ, లోహాలు, మందులు, వంశగుణం అంటూ అనేక అనుమానాలపై పరిశోధన సాగుతున్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమూ, ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. కారణమేదైనా, అది చివరకు పనిచేయవలసినది కణంలోనే. కణం దానికి బదులు చెప్పేది సంకేతాల భాషలోనే. ఆ భాష తెలిసినవారు ఈ సీమ నుండే బయలుదేరాలి. రోగులను మనం ఇచ్చి, పరిశోధకులను మాత్రం ఎక్కడి నుండో తెప్పించుకోవడం ఎంతకాలం?

ఇది పై చదువుల విషయమనీ, డిగ్రీ విద్యార్థికి భారమనీ కొందరు పెద్దలు అనవచ్చును. మేము అంగీకరించము. ఉల్లి వేరుకొనను సూక్ష్మదర్శిని కింద చూసి ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ బొమ్మలు గీయగల విద్యార్థి, మధ్యస్థదశ నుండి చలనదశకు కణం ఎందుకు కదిలిందని అడగగలడు. కారణం తెలియని బొమ్మ పరీక్షతోనే చెరిగిపోతుంది. ఎంజైముల పేర్లన్నీ కంఠస్థం చేయించమని మేము కోరడం లేదు. సంకేతం, ముద్ర, గొలుసు, కూల్చివేత అనే నాలుగు మాటల వరుస తెలిస్తే చాలు. తక్కినవి అవసరమైనప్పుడు వచ్చి చేరతాయి.

మాతృభాషలో ఇది చెప్పలేమనే మాట కూడా వినబడుతుంది. హైదరాబాదులో 1917లో అనువాద విభాగాన్ని నెలకొల్పి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, వైద్యంతో సహా ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించిన చరిత్ర మనది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను తెలుగులో వెలువరించింది. ఉర్దూవారు ప్రోటీన్లను 'లహ్మియాత్' అంటారు. తెలుగువారు 'మాంసకృత్తులు' అంటారు. మాంసమనే ఒకే భావం నుండి రెండు భాషలూ వేరువేరుగా మాట కట్టుకొన్నాయి. ఇంత దగ్గరగా ఆలోచించే రెండు భాషలు ఒకే కప్పు కింద చదువుతున్న కళాశాలలో, కణచక్రానికి సంబంధించిన పదాలను తెలుగులోనూ ఉర్దూలోనూ పక్కపక్కన చేర్చి ఒక చిన్న పుస్తకం తయారు చేయడం అసాధ్యమా?

కావున పాలకవర్గానికి మా విన్నపాలు రెండే. మొదటిది, ఆ చిన్న పుస్తకాన్ని అధ్యాపకుల పర్యవేక్షణలో ఉభయ భాషల విద్యార్థులచేతనే రాయించాలి. రెండవది, ఏటా ఒక దినమైనా పలాస నుండి మూత్రపిండ వైద్యులనో, పరిశోధకులనో ఆహ్వానించి, విద్యార్థులు ప్రశ్నలు అడిగే సభ జరపాలి. ఈ రెండింటికీ పెద్ద వ్యయం కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీ కుటుంబంలోనో, మీ వీధిలోనో డయాలిసిస్‌కు వెళ్ళివచ్చేవారు ఉండవచ్చును. వారి చేతి కాగితంలోని అంకెను చదవడం వైద్యుని పని. ఆ అంకె వెనుక కణంలో ఏమి జరుగుతున్నదో, ఏ సంకేతం అందలేదో, ఏ కణం ఎక్కడ చిక్కుబడిందో అడగడం ఇక మీదట మీ పని. పాఠ్యపుస్తకంలో లేదని ఆ ప్రశ్నను వదలవద్దు.